పలక దవడ కోసం పచ్చి బియ్యం

ఆ రోజుల్లో నాకు తెలివి లేదని చెప్పను. ఉంది, కాకపోతే అదంతా దవడలోకి దిగింది. ఆ రోజులంటే మీరు ఎడ్లబండ్ల కాలం దాకా పోనక్కర్లేదు, ఆరేడేళ్ల కిందటి మాటే. అందరి చేతుల్లోనూ ఫోన్లుండేవి, నా చేతిలో మరీ ఎక్కువసేపు ఉండేది. ఇరవై నాలుగేళ్లు నిండాక కూడా మొహాన్ని నమిలి మార్చుకోవచ్చని నమ్మినవాణ్ని నేను. నమ్మడం, నమలడం రెండూ ఒకే వారంలో మొదలుపెట్టాను. (చదువుతూ మీరు "నీ మొహం" అనుకుంటే తప్పేం లేదు. ఇది అచ్చంగా నా మొహం సంగతే.)

మాది మునగాల. డిగ్రీ అయ్యాక మిర్యాలగూడ రైస్ మిల్లులో శాంపిల్ చూసే పని దొరికింది. ఇప్పించింది మా బావ, అంటే అక్క భర్త, అదే మిల్లులో సూపర్‌వైజరు. లారీ లోపలికి రాగానే బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊదేసి, గింజను పంటి కింద పెట్టి కొరకాలి. టక్కుమంటే ఎండినట్టు, మెత్తగా నలిగితే తేమ ఉన్నట్టు. తేమ చూసే మిషను ఆఫీసులో ఉండేది గానీ, మా సేటు దానికంటే పన్నునే నమ్మేవాడు. మా బావది పలక మొహం, దవడ మూలలు ఇటుక పెట్టి కట్టినట్టుంటాయి. ఆయన గింజ కొరికితే లారీలో కూర్చున్న డ్రైవరుకు వినపడేది. నాది కోలమొహం. అందుకని హమాలీలందరి ముందు నాకు సొరకాయ అని పేరు పెట్టాడు. "ఏం సొరకాయా, పంటికి బలమున్నదా, సుత్తె తెప్పియ్యాల్నా?" అనేవాడు. హమాలీలు బస్తాలు దించి మరీ నవ్వేవాళ్లు.

అప్పుడే కోదాడ నుంచి సంబంధం వచ్చింది. ఫోటోలు అటూ ఇటూ పోయాయి. అమ్మాయి బడిలో లెక్కలు చెబుతుంది. ఫోటోలో నవ్వీ నవ్వనట్టు నిలబడి ఉంది. నాకు నచ్చిందంటే సరిపోదు, ఆ ఫోటో చూస్తూ రెండు లారీల తేమ తప్పు చెప్పాను. మూఢం వెళ్లాక చూపులన్నారు, అంటే చేతిలో దాదాపు మూడు నెలలు. ఆ వారమే ఫోన్‌లో ఒక వీడియో కనబడింది. నమిలే కండ లావుగా ఉన్నవాళ్లకు మొహం పొట్టిగా, వెడల్పుగా, దవడ పలకగా ఉంటుందట. కండ సన్నగా ఉన్నవాళ్లకు మొహం పొడుగ్గా సాగి ఉంటుందట. నేను దాన్ని తిరగేసుకున్నాను: కండ పెంచితే మొహం దానంతటదే పలకైపోతుంది! నమలడానికి ఏదో బంక కొనమన్నాడు వీడియో ఆయన. చుట్టూ బియ్యం గుట్టలు పెట్టుకుని బంక కొనడమెందుకు? జేబు నిండా పచ్చి బియ్యం పోసుకుని పొద్దున మొదలుపెడితే మిల్లు సైరన్ దాకా నమిలేవాణ్ని. కుడివైపు ఒక పన్ను పుచ్చి ఉంది, అటు గింజ తగిలితే నషాళానికంటేది. కాబట్టి వ్యవహారమంతా ఎడమవైపే.

మూఢం వెళ్లేసరికి నా ఎడమ దవడ మీద బిళ్లలాంటి కండ లేచింది. కుడివైపు ఎప్పటి కోలమొహమే. "ఏందిర, గవదబిళ్లలు లేసినయా? ఒక దిక్కు సొరకాయ, ఒక దిక్కు గుమ్మడికాయ!" అన్నాడు బావ. అక్క పసుపు పట్టు వేస్తే బుద్ధిగా వేయించుకున్నాను.

కోదాడలో టీ, మిక్చర్ అయ్యాక మా ఇద్దర్నీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు. ఆమె కాసేపు నా ఎడమ బుగ్గ వైపే చూసి, "ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. గుట్కా అలవాటుందా?" అంది.

"లేదండి, ఒట్టు."

"మరి బుగ్గలో అదేంటండి? మా పెదనాన్న దాంతోనే పోయారు. చివర్లో నోరు తెరవలేక గొట్టంతో పాలు పోసేవాళ్లం. అందుకే అడుగుతున్నా. నాకు అబద్ధం మాత్రం చెప్పకండి."

చెప్పాల్సింది ఒకటే ముక్క: మీకు నచ్చాలని బియ్యం నమిలానండి. అంతే. మూడు నెలలు బియ్యం నమిలినవాణ్ని, ఆ నిమిషంలో నీళ్లు నమిలాను. "పన్ను నొప్పండి" అన్నాను.

"ఏ వైపు?"

నా చెయ్యి నన్నడక్కుండానే కుడి బుగ్గ మీదికి పోయింది. (పుచ్చుపన్ను అటే కదా. నాలో ఆ రోజు నిజం చెప్పింది ఆ చెయ్యి ఒక్కటే.) ఆమె నా కుడి చేతినీ ఎడమ బుగ్గనూ మార్చి మార్చి చూసింది. "ఫోటోలో మీ మొహం కోలగా, నిమ్మళంగా ఉందని మా నాన్నగారిని నేనే ఒప్పించానండి" అని మెల్లగా అని, మెట్లు దిగి వెళ్లిపోయింది.

రెండో రోజే మధ్యవర్తి కబురు తెచ్చాడు, గుట్కా మనిషికి పిల్లనియ్యమన్నారని. నేను సూర్యాపేటలో పళ్ల డాక్టరమ్మ దగ్గరికి పోయి, ఆమెకు మాత్రం బియ్యం సంగతి ఒప్పుకున్నాను. ఆమె దవడ నొక్కి చూసి, "కండకూ మొహానికీ సంబంధముందన్న మాట నిజమే. ఎదిగే పిల్లలకైతే నమలుడు బొక్క మీద, అదే ఎముక మీద గూడ జర పనిచేస్తది. నీ వయసుల కండ ఒక్కటే లావైతది, బొక్క నీ మాట వినదు. నువ్వేమో ఎడమ చెంపను జిమ్ముకు పంపి, కుడి చెంపను ఇంట్ల పండవెట్టినవ్" అంది. పన్ను బాగుచేసి, బియ్యం మాన్పించింది. ఆరు నెలలకు కండ దిగిపోయింది. ఆ ఆరు నెలల్లో కోదాడ నెంబరు ఎన్నిసార్లు నొక్కానో, మొదటి రింగుకే ఎన్నిసార్లు కట్ చేశానో చెప్పను. ఏడో నెలలో తెలిసింది, ఆమెకు నడిగూడెం అబ్బాయితో పెళ్లయిందని.

పోయినేడు మా బావకు దవడ కీలు పట్టేసింది. నిద్రలో పళ్లు కొరికే అలవాటట. అదే డాక్టరమ్మ రెండు వారాలు జావ తాగమంది, నోరు పెద్దగా తెరవొద్దంది, ముఖ్యంగా పడీపడీ నవ్వొద్దని గట్టిగా చెప్పింది. పలకరించడానికి వాళ్లింటికి పోయాను. గ్లాసెడు జావ ముందు పెట్టుకుని దిగులుగా కూర్చున్నాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, ఇంట్లో ఎవ్వరికీ చెప్పని సంగతి మొదటినుంచీ ఎత్తుకున్నాను. వీడియో, జేబులో బియ్యం, అక్క వేసిన పసుపు పట్టు, ఏదీ వదల్లేదు, తొందరా పడలేదు. చెయ్యి కుడి బుగ్గ మీదికి పోయిన చోటికి వచ్చేసరికి బావ రెండు దవడలూ పట్టుకుని, "అబ్బా... ఆపుర బామ్మర్దీ, నీకు దండం పెడ్త, పానం పోతుంది!" అని కుర్చీలో మెలికలు తిరిగాడు.

"ఆపుతా గని బావా, వాపు ఏ దిక్కున్నదో చెప్పిన్నా?"

"నీయవ్వ... చెప్పకుర!"

ఏడుపో నవ్వో తెలియని నీళ్లు కళ్లనుంచి తుడుచుకుని, కాసేపటికి మెల్లగా, "గీ ముచ్చట ఆ పిల్లకు చెప్తే, నవ్వి ఒప్పుకుంటుండె గదరా" అన్నాడు.

జావ గ్లాసు ఆయన చేతికిచ్చాను. ఆయన జావ రెండు గుక్కలు తాగి, దవడ కొంచెం కుదుటపడిందని తేల్చుకున్నాక, మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాను.