ఏడో బండి

హెడ్ కానిస్టేబుల్ ఎన్సియో కార్తినెన్ వంతెన దగ్గర ఏడో బండిని ఆపేవాడు. ఆరోదాన్ని చూసి తలూపేవాడు, ఎనిమిదోదాన్ని చూసి తలూపేవాడు, ఏడోదానికి మాత్రం చెయ్యెత్తేవాడు. అందులో ఉన్నది పాస్టరు గారా, పాలవాడా, సొంత అత్తగారా అన్నది ఆయనకు అనవసరం. తాగి తూలుతూ వచ్చేవాణ్ణీ, తోక తొక్కిన తాచులా దూసుకొచ్చేవాణ్ణీ లెక్కతో పనిలేకుండా పట్టుకునేవాడు, అది వేరే సంగతి. ఊరికే కాగితాలూ నంబరు పలకా చూడటానికి ఆపాల్సి వస్తే మాత్రం ఏడే.

కుయిక్కలహ్తిలో చెరువుల మధ్య నుంచి బయటికి పోవాలంటే ఆ ఒక్క వంతెనే దారి. కాబట్టి ఊళ్ళో బండి ఉన్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు ఏడోవాడు కాక తప్పలేదు.

రాజధాని నుంచి బదిలీ మీద వచ్చిన కానిస్టేబుల్ హెల్కా మొదటి రోజు ఇదేదో యాదృచ్ఛికం అనుకుంది. రెండో వారానికి అర్థమైంది. అర్థమయ్యాక అడిగింది.

"ఏడే ఎందుకు?"

"ఆరు తర్వాత వస్తుంది కాబట్టి," అన్నాడు ఎన్సియో.

ఐదేళ్ళు పక్కన నిలబడినా ఆమెకు అంతకు మించిన జవాబు దొరకలేదు.

ఆయన భార్య ఓర్వొక్కి ఒకసారి ఏడోదైంది. పొయ్యి మీద సూపు పెట్టి, ఉప్పు కోసం కొట్టుకు బయల్దేరిన మనిషి. ఎన్సియో కారు కిటికీ దగ్గరికి వెళ్ళి టోపీ సర్దుకున్నాడు.

"లైసెన్సు చూపించండి. పేరు?"

"ముప్పై ఏళ్ళుగా నీ ఇంట్లోనే ఉంటున్నాను."

"ఇంటిపేరు కూడా చెప్పండి."

ఓర్వొక్కి చెప్పింది. ఆయన లైసెన్సు మీద ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూశాడు. "ఫొటో కన్నా మనిషే నయం. వెళ్ళిరండి," అన్నాడు. ఆ రాత్రి సూపులో ఉప్పు మూడింతలు పడింది. ఎన్సియో కిక్కురుమనకుండా తాగాడు.

శవాల బండి ఏడోదైన రోజు ఇంకోటి. డ్రైవరు తోయిమి అద్దం దించి, "ఎన్సియో, లోపల ముసలి హిల్యా ఉంది," అన్నాడు.

"నాకూ బాధగానే ఉందయ్యా. కాగితాలు?"

"చూసుకో, చూసుకో. ఆవిడకేం తొందర లేదులే."

ఎన్సియో టోపీ తీసి చంకలో పెట్టుకుని కాగితాలు చూశాడు. వెనక్కి వెళ్ళి హిల్యాకు తల వంచి దండం పెట్టాడు. మళ్ళీ టోపీ పెట్టుకుని, వెనక టైరు అరిగిపోయిందని చెప్పి పంపాడు. వెనక కారులో వస్తున్న హిల్యా కొడుకు, "బతికున్నన్నాళ్ళూ మా అమ్మని ఒక్క పోలీసూ ఆపలేదు," అని శ్మశానం దాకా గొణుగుతూనే ఉన్నాడు.

ట్రాక్టరు లెక్కలోకి వస్తుందా అని రచ్చ జరిగింది. "నంబరు పలక ఉన్నదల్లా లెక్కే," అని ఎన్సియో తేల్చేశాడు. ఆ మాట ఎక్కడికి పోయిందంటే, చేపలు పట్టే ఉర్హో పడవను ట్రైలర్ మీద వేసుకుని వచ్చిన రోజు కారు ఆరోదైంది. ట్రైలరుకు దాని పలక దానికుంది. అది ఏడోది.

"కారు వెళ్ళొచ్చు. ట్రైలర్ ఆగాలి," అన్నాడు ఎన్సియో.

"ట్రైలర్ ఆగితే కారెట్లా వెళ్తుంది?"

"అది మీ ఇష్టం. నాకు కారుతో పని లేదు."

ఉర్హోకు ఒళ్ళు మండింది. కొక్కెం విప్పి, ట్రైలర్‌ను అక్కడే వదిలేసి, ఇంటికి పోయి నింపాదిగా రెండు కప్పుల కాఫీ తాగి వచ్చాడు. వచ్చేసరికి ఎన్సియో ట్రైలర్ పక్కనే నిలబడి ఉన్నాడు. దాని వెనక బల్బు కాలిపోయిందట, కొత్తది కూడా వేసేశాడు. తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఉర్హో వెనక్కి పట్టుకుపోవాల్సి వచ్చింది.

ఊరివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? వాళ్ళూ లెక్కపెట్టడం నేర్చుకున్నారు. వంతెనకు ముందున్న చర్చి మలుపు దగ్గరికొచ్చేసరికి ప్రతివాడికీ ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చేది. "మీరు వెళ్ళండి." "అబ్బే, పెద్దవారు, మీరే ముందు." జూలైలో ఒకరోజు నాలుగు కార్లు పదకొండు నిమిషాల పాటు ఒకదానికొకటి దారి ఇచ్చుకుంటూ కదలకుండా నిలబడిపోయాయి, ఒకావిడ ఒళ్ళో ఐస్‌క్రీం కరిగి పావడాలోకి దిగింది. అది చూసిన పట్నం మనిషి ఎవరో, దేశం మొత్తం మీద ఇంత సంస్కారవంతమైన డ్రైవర్లు ఇంకెక్కడా లేరని పత్రికకు ఉత్తరం రాసింది. మునిసిపాలిటీ వాళ్ళు దాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు.

ఇలా హాయిగా గడిచిపోతుండగా ఆ సెప్టెంబరులో పడవ ఇంజన్లు మాయమవడం మొదలైంది.

వేసవి బంగళాల రేవుల్లోంచి ఒకటి కాదు, రెండు కాదు, పదకొండు ఇంజన్లు పోయాయి. బేకరీలో ఇంకో మాట లేదు. బేకరీ నడిపే కెర్తు రొట్టెలు తూస్తూ, "మనకి తెలియదా ఏమిటి," అనేది. "అవతలి ఒడ్డు వాళ్ళని అడగాలి మరి," అని ఇంకెవరో అనేవారు. అని, అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకునేవారు. అవతలి ఒడ్డున ఉండేది హాగెర్ట్ కుటుంబం. రోమా జాతివాళ్ళు, ఒకప్పుడు గుర్రబ్బండ్ల మీద ఊరూరా తిరిగినవాళ్ళు. వాళ్ళ ఆడవాళ్ళు నల్ల వెల్వెట్ పావడాలు కట్టుకుంటారు, మైలు దూరం నుంచి గుర్తుపట్టొచ్చు. మూడు తరాలుగా అక్కడే పుట్టి పెరుగుతున్నా, ఊరు వాళ్ళను ఇంకా వచ్చినవాళ్ళనే అనేది.

జిల్లా నుంచి ఇన్‌స్పెక్టర్ తర్వాయినెన్ దిగాడు. వయసు చిన్నది, చొక్కా ఇస్త్రీ గట్టిది. ఎన్సియో ముందు ఒక చీటీ పెట్టాడు.

"హాగెర్ట్‌ల బండ్లు నాలుగు. నంబర్లివిగో. కనబడ్డప్పుడల్లా ఆపి వెతకండి."

ఎన్సియో చీటీ చదివాడు. "ఏడోదైతే ఆపుతాను."

"ఏమిటది?"

"ఆయన ఏడో బండినే ఆపుతాడండి," అని హెల్కా అందుకుంది. చెబుతుంటే ఆమెకే సిగ్గేసింది.

ఇన్‌స్పెక్టర్ ఇద్దర్నీ చూశాడు. "కారణం చెప్పకుండా ఏ బండినైనా ఆపే హక్కు చట్టం మీకిచ్చింది. తెలుసా?"

"తెలుసు. అందుకే లెక్కపెట్టుకుంటున్నాను," అన్నాడు ఎన్సియో.

"రేపు నేనూ వస్తాను వంతెన దగ్గరికి. నా మాట జరగకపోతే సోమవారం నుంచి మీరు పాస్‌పోర్టు దరఖాస్తుల బల్ల దగ్గర కూర్చుంటారు."

ఎన్సియో చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు కోపమొచ్చినా, సిగ్గేసినా, చలేసినా ఎర్రబడేవి చెవులే, కాబట్టి ఇది ఏదో హెల్కాకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం ఆమె ఊరుకోలేకపోయింది.

"ఒక్క వారం వాళ్ళ బండ్లు ఆపితే మీ సొమ్మేం పోతుంది? ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఒక అంకె కోసం ఆ బల్ల దగ్గర ఫొటోలు అతికిస్తూ కూర్చుంటారా?"

ఎన్సియో రొట్టె ముక్క మీద వెన్న రాశాడు. అంచుల దాకా రాశాడు. ఇంత మొండిమనిషితో ఐదేళ్ళు ఎలా వేగానా అనుకుంది హెల్కా.

మర్నాడు ఉదయం ముగ్గురూ వంతెన దగ్గర నిలబడ్డారు. పోస్టు బండి వచ్చింది. "ఒకటి," అన్నాడు ఎన్సియో. పశువుల డాక్టరు వచ్చాడు. "రెండు." ఆ తర్వాత పాత గోధుమరంగు బెంజి కారు వచ్చింది. స్టీరింగు వెనక మిరెల్లా హాగెర్ట్, ముందు సీటంతా నిండిన నల్ల పావడా.

"మూడు," అని ఎన్సియో తలూపాడు.

"ఆపండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూడండీ."

ఇన్‌స్పెక్టర్ తనే రోడ్డు మధ్యకు వెళ్ళి చెయ్యెత్తాడు. ఆయన నోరు తెరిచేలోపే కిటికీలోంచి కాగితాలు బయటికొచ్చాయి.

"ఎక్కడికి?"

"ఆసుపత్రికి. పది గంటలకి డ్యూటీ."

"డిక్కీ తెరవండి."

డిక్కీలో ఒక పిల్లల తోపుడు బండి, సగం బస్తా బంగాళాదుంపలు ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ కాగితాలు పట్టుకుని వైర్‌లెస్ దగ్గరికి వెళ్ళాడు. ఎన్సియో అటు తిరిగి చెరువు వైపు చూస్తూ నిలబడ్డాడు. మిరెల్లా దిగి, నంబరు పలక చూస్తున్న హెల్కా పక్కకు వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది.

"ఎన్సియో మామయ్య లెక్క మానేశాడా?"

"లేదు. ఆపింది ఆయన కాదు."

"అమ్మయ్య." ఆమె నిజంగానే ఊపిరి పీల్చుకుంది. "నాన్నకి తెలిస్తే అన్నం మానేసేవాడు."

"మీకెందుకమ్మా ఆయన లెక్క సంగతి?"

"మీకు చెప్పలేదా?" మిరెల్లా ఎన్సియో వీపు వైపు ఒకసారి చూసింది. "ఇరవై రెండేళ్ళ కిందటి మాట. ఆయన కొత్తగా వచ్చాడు. ఒక్క నెలలో మా నాన్న బండిని పదకొండుసార్లు ఆపాడు. అన్నిసార్లూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. నాన్న ఏమీ అనేవాడు కాదు, అంటే ఇంకో గంట నిలబెడతారని. పదకొండోసారి నేను వెనక సీట్లో ఉన్నా. నాన్న చేతులకి నూనెంటి ఉంటే కాగితాలు నేనే తీసిచ్చా. ఇచ్చి అడిగా: పోలీసు మామయ్యా, ఊళ్ళో ఇంతమంది ఉండగా రోజూ మమ్మల్నే ఆపుతావు, మేమంటే నీకంత ఇష్టమా అని."

హెల్కా నంబరు పలక వదిలేసి ఆమె వైపు తిరిగింది.

"వెటకారం కాదండీ, నిజంగానే అనుకున్నా. పోలీసుకి మనమంటే ప్రాణం అని చెల్లికి కూడా చెప్పా."

"ఆయనేమన్నాడు?"

"ఏమంటాడు? చెవులు ఎర్రబడ్డాయి. నీకెన్నేళ్ళమ్మా అన్నాడు. ఏడు అన్నా. మర్నాడు నాన్న బిక్కుబిక్కుమంటూ వస్తే, ఈయన ఇక్కడ మునిసిపల్ ఛైర్మన్ గారి కారుని ఆపి కాగితాలడుగుతున్నాడు. మాకు తలూపి పొమ్మన్నాడు. కొన్నాళ్ళకి మా ఇంటికొచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, 'నా కళ్ళు మంచివి కావు హాగెర్ట్, మనిషిని చూడగానే ఆపుతున్నాయి. ఇక అంకెనే నమ్ముకున్నా' అని చెప్పి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయాడు."

"తర్వాత మిమ్మల్ని ఆపలేదా?"

"ఎందుకాపలేదు? ఏడోదైనప్పుడల్లా ఆపాడు. ఆ రోజు నాన్న ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పేవాడో, ఇవాళ మనమూ ఊరందరిలాగే ఆగామర్రా అని."

ఇన్‌స్పెక్టర్ వచ్చి కాగితాలు తిరిగిచ్చాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. మిరెల్లా పావడా కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కి వెళ్ళిపోయింది. హెల్కా వచ్చి ఎన్సియో పక్కన నిలబడింది. రోజూ నిలబడే చోటే, ఒక అడుగు దగ్గరగా.

నాలుగు వెళ్ళింది, ఐదు వెళ్ళింది. ఆ తర్వాత ఎర్ర కారు ఒకటి, దాని వెనక టార్పాలిన్ కప్పిన ట్రైలర్. నడుపుతున్నది మెకానిక్ ఆర్వి కూతురు సినిక్క. లైబ్రరీలో పనిచేస్తుంది. కళ్ళజోడు, మెడ చుట్టూ ఉన్ని మఫ్లరు.

"ఆవిడెవరో మర్యాదస్తురాలిలా ఉంది, పోనివ్వండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"కారు పోవచ్చు. ట్రైలర్ ఏడోది," అన్నాడు ఎన్సియో, చెయ్యెత్తి.

సినిక్క ఊరి పిల్ల కాబట్టి వాదించకుండా రెంటినీ ఆపింది. ఎన్సియో పలక చూశాడు, లైట్లు చూశాడు, వదులుగా ఉన్న తాడు బిగించబోయి టార్పాలిన్ ఎత్తాడు. కింద పదకొండు పడవ ఇంజన్లు, బుట్టలో చేపల్లా వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోదానికి పురికొసతో ఒక అట్టముక్క, దాని మీద సొంతదారు పేరు.

హెల్కా ట్రైలర్ దగ్గరికి వచ్చి వంగి చూసింది.

"నాన్నవండీ," అంది సినిక్క. "అంటే, అందరివీ. వేసవిలో ఆవిరిస్నానానికి సౌనాలో కూర్చున్నప్పుడు ప్రతివాళ్ళూ, ఆర్వీ, చలికాలం లోపల మా ఇంజన్ కాస్త చూసిపెట్టవా అంటారు కదా. మా నాన్న చూద్దాంలే అన్నాడు. వాళ్ళు మర్చిపోయారు, ఈయన మర్చిపోలేదు. అన్నీ తిరిగి తిరిగి షెడ్డుకి చేర్చుకుని, మెట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మూడు వారాలుగా ఆసుపత్రి మంచం మీదున్నాడు, ఆ షెడ్డు తలుపు నేనూ తీసి చూడలేదు. నిన్న ఎవరో పేపరు తెచ్చిచ్చారు. చదివి కుట్లు నొప్పెట్టేదాకా నవ్వి, 'పోయి ఇచ్చి రావే, వాళ్ళు ఎవర్నో ఒకర్ని ఉరి తీసేలోపు' అన్నాడు."

ఇన్‌స్పెక్టర్ ఒక్కో అట్టముక్కా తిప్పి చదివాడు. మొదటి పేరు బేకరీ కెర్తుది.

ఎన్సియో తాడు బిగించి ముడేశాడు. "నాన్నగార్ని అడిగానని చెప్పమ్మా," అని ట్రైలరునూ, దానితోపాటు కారునూ పంపించాడు. ఆ తర్వాత జేబులోంచి పుస్తకం తీసి ఇన్‌స్పెక్టర్ ముందు తెరిచి పట్టుకున్నాడు.

"మూడో బండి మీరు ఆపారు కదండీ. కారణం అన్న గడి ఖాళీగా ఉంది. మీ చేత్తో రాస్తే బాగుంటుంది."

ఆయన గొంతులో వెటకారం లేదు, అదే ఇంకా కష్టమైంది. ఇన్‌స్పెక్టర్ కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఈలోపు రెండు బండ్లు వెళ్ళిపోయాయి. చివరికి ఆయన 'కారణం లేదు' అని రాసి, కింద సంతకం పెట్టాడు. ఆ మధ్యాహ్నం జిల్లాకు తిరిగి వెళ్తూ ఆసుపత్రి దగ్గర కారు ఆపి లోపలికి వెళ్ళాడని తర్వాత తెలిసింది. ఎవరితో ఏం మాట్లాడాడో గానీ, పాస్‌పోర్టుల బల్ల మాట మళ్ళీ రాలేదు.

స్టేషనుకు తిరిగి వస్తూ జీపులో హెల్కా అడిగింది.

"మిరెల్లా అంతా చెప్పింది. ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఊరంతా మిమ్మల్ని పిచ్చివాడనుకుంటున్నారు."

ఎన్సియో ఆలోచించాడు.

"చెబితే మంచివాడనుకుంటారు. మంచివాడనుకుంటే, ఆపినప్పుడల్లా కాఫీ తాగమంటారు, కేకు తినమంటారు. పిచ్చివాడనుకుంటేనే గమ్మున కాగితాలిస్తారు."

మర్నాడు హెల్కా బేకరీకి వెళ్ళింది. కెర్తు ముఖం కాస్త చిన్నబోయి ఉన్నా నోరు మాత్రం చిన్నబోలేదు. రొట్టె పొట్లం కడుతూ, "ఇంజనేదో దొరికిందిలే గానీ, ఆ ముసలాయన ఆ ఏడో పిచ్చి ఎప్పటికైనా మానతాడంటావా?" అని అడిగింది.

"మానడు," అంది హెల్కా, పొట్లం అందుకుంటూ. "మహా మొండిమనిషి."