వదిన నోటిలో ఇనుము రుచి

మా ఊళ్లో ఎవరైనా నా చదువు గురించి అడిగితే పురుగుల మీద పరిశోధన అని చెప్పేదాన్ని. దాంతో రెడ్డిగూడెం తోటల వాళ్లు తిరువూరులోని మా అన్నయ్య నూనె కొట్టుకు వచ్చినప్పుడల్లా మామిడి ఆకులు పట్టుకొచ్చి, తేనెమంచు పురుగుకు మందు చెప్పమనేవాళ్లు. నేను పెంచే పురుగు అది కాదంటే, మరేదని అడుగుతారు. ఆడామగా కలయిక వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకునే సూక్ష్మజీవి అని ఆ నూనె డబ్బాల మధ్య నిలబడి చెప్పే ధైర్యం నాకు లేదు. ఆకులు అటూ ఇటూ తిప్పి చూసి, వ్యవసాయాఫీసులో అడగమని పంపేసేదాన్ని.

ల్యాబులో ఆ జీవిని గాజు గొట్టాల్లో పెంచడం నా పని. కొన్ని గొట్టాల్లో ఇనుము బాగా వేస్తాం, కొన్నింటిలో అందకుండా చేస్తాం. ఇనుము అందితే అది మన కణాలను గట్టిగా పట్టుకుంటుంది. దాని ఎంజైముల్లో కొన్ని చురుకవుతాయి, కొన్ని వెనక్కి తగ్గుతాయి. కొన్నింటికైతే ఇనుము లేనిదే పనే జరగదు. కంటికి కనిపించని ప్రాణికి ఇంత తెలివేమిటని నాకు దాని మీద కొంచెం ముచ్చట కూడా ఉండేది. మా వదిన సంగతి తెలిశాక ఆ ముచ్చట పోయింది.

ఒక వేసవిలో ఇంటికి వచ్చినప్పుడు వదిన దొడ్లో బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండానే చెప్పింది. చాలాకాలంగా తెల్లబట్ట అవుతోందట. మంట, దురద. వేడి చేసిందనుకుని సబ్జా గింజలు నానబెట్టుకుని తాగిందట. ఏమీ తగ్గలేదు.

"నెలనెలా తలస్నానం చేశాకే ఎక్కువవుతోంది అమ్మాయ్. బయటున్నప్పుడు ముట్టుకోకూడనిది ఏదో ముట్టుకునుంటాను" అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తన ఒంట్లో జబ్బుకు తననే దోషిని చేసుకుని ఎన్ని నెలలు తిరిగిందో. నిజానికి నేను గొట్టాల్లో చూస్తున్నదే ఆవిడ ఒంట్లో గమనించింది. నెలసరి రక్తంతో ఇనుము వస్తుంది, ఆ జీవికి అది మేత, అందుకే ఆ తర్వాత విజృంభిస్తుంది, ఇందులో నీ తప్పేమీ లేదని చెప్పాను. అయితే రక్తం పట్టడానికి ఇచ్చిన ఇనుము మాత్రలు మానెయ్యనా అని అడిగింది. మానొద్దు, అవి నీకోసం, దీనికి మందు వేరే ఉందన్నాను.

తిరువూరులో డాక్టరు దగ్గరికి వెళితే సాయంత్రానికల్లా బజారంతా తెలుస్తుంది. అందుకని షేర్ ఆటోలో విస్సన్నపేట వెళ్లాం. అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేయించి, నా అనుమానమే నిజమంది. వదినకూ అన్నయ్యకూ మాత్రలిచ్చింది. మగవాళ్లకు పైకి ఏమీ తెలియకపోవచ్చని, అయినా ఆయనా వేసుకోకపోతే మళ్లీ వస్తుందని విడమరిచి చెప్పింది. వదిన బుద్ధిగా తలూపింది.

నేను ల్యాబుకు వెళ్లిపోయాను. తగ్గిందని ఫోను చేసింది. కొన్నాళ్లకు మళ్లీ మొదలైందని చేసింది. మందుకు లొంగని రకమేమోనని హడలిపోయి బస్సెక్కాను. అన్నయ్య మాత్రలు వేసుకున్నాడా అని వదినను అడిగాను.

"ఆయనవి కూడా నేనే వేసుకున్నాను. ఆయన పేరున నోములన్నీ నేనే పడతాను కదా, ఇదీ అంతే అనుకున్నా. ఆయన చేతికి ఇవ్వడమంటే ఆయన్ని అడిగినట్టే అమ్మాయ్. ఏమని అడగను?"

తనవి అయ్యాక ఆయనవి మొదలుపెట్టిందట. ఆ మాత్రలకు కడుపులో తిప్పేదట, నోరంతా ఇనుము నాకినట్టు ఉండేదట. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

మళ్లీ విస్సన్నపేట వెళ్లి ఇద్దరికీ మందు తెచ్చాం. ఈసారి అన్నయ్య మాత్రలు నా సంచిలో పెట్టుకున్నాను. మధ్యాహ్నం షట్టరు సగం దించాక, నూనె డబ్బాల వైపు చూస్తూ ఆయనకు చెప్పాను. చెల్లెలు అన్నతో మాట్లాడే మాటలు కావవి.

"నాకేం లేదుగా" అన్నాడు.

ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పదని, నేనూ అడగనని అన్నాను. ఆయన వంతు మాత్రలు వదిన మింగిందని కూడా చెప్పాను. ఆయన మొహం మాడిపోయింది. మాత్రలు చొక్కా జేబులో వేసుకుని షట్టరు పైకెత్తాడు. వేసుకుంటాడని నాకు నమ్మకం కలగలేదు. రాత్రి ఆయన ఇంటికొచ్చాక వదిన అయితే ఆ జేబు వైపు చూడను కూడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనం దగ్గర అన్నయ్య నాలుగు ముద్దలు తిని ఆగిపోయాడు. మంచినీళ్లు తాగాడు. మళ్లీ తాగాడు.

"ఏంటో, నోరంతా ఇనుము నాకినట్టుంది" అన్నాడు.

నెయ్యి వడ్డిస్తున్న వదిన చెయ్యి ఆగిపోయింది. ఆ రుచి సంగతి నేను ఆయనకు చెప్పలేదు. ఆవిడ నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వదిన నా వైపు చూసింది, కళ్లనిండా నీళ్లు.

"కొన్నాళ్లు అలాగే ఉంటుందండి" అంది.

అన్నయ్య కంచంలోంచి తలెత్తలేదు.

"ఈ బాధ నువ్వు రెండుసార్లు పడ్డావు కదూ" అన్నాడు.