పచ్చి పూత

మా పెద్దమ్మకు అనుమానం పాలు ఎక్కువ. పాలవాడు నవ్వితే ‘ఏంటి సంగతి?’ అంటుంది, నవ్వకపోయినా అదే మాట. మగ్గం ముందు మాత్రం ఆమె చేతికి తిరుగులేదు. వీధి చివర ఒకాయన చేత్తో చేసే పింగాణీ గిన్నెలకు జతగా ఆమె గుడ్డలు నేసేది. గిన్నె రంగే గుడ్డ అంచులోనూ ఉండాలి. రెండూ కలిపి బజారులో ఒకావిడ తన దుకాణంలో అమ్మేది. పెద్దమ్మకు అదొక్కటే బతుకుతెరువు.

గిన్నెలాయన ప్రతిసారీ కాల్చిన గిన్నె ఒకటి తెచ్చి రంగు చూపించేవాడు. ఈసారి తొందరలో ఉన్నాడు.

“అక్కా, ముదురు నీలం. పన్నెండు గిన్నెలు,” అని గుమ్మంలోంచే చెప్పి వెళ్లిపోయాడు.

“లోపలికి కూడా రాలేదు, చూశావా?” అంది పెద్దమ్మ. “కొత్త కోడలికి మగ్గం కొనిపెట్టాడటగా. మన పనికి ఎసరు పెడుతున్నాడే!”

“ఆ అమ్మాయికి తెగిన దారం ముడెయ్యడమే రాదు పెద్దమ్మా.”

“నీకేం తెలుసు? నోరు మూసుకుని నూలు కండెలు చుట్టు.”

మర్నాడు ఆయన లేని సమయం చూసి, పెద్దమ్మ ఏదో వంకతో వాళ్ల గిన్నెల షెడ్డులో దూరింది. చెక్క మీద పన్నెండు గిన్నెలు పూత ఆరుతున్నాయి. అన్నీ లేత గులాబీ రంగు. రొప్పుతూ ఇంటికొచ్చింది.

“నీలమని నాకు చెప్పి, కోడలి చేత గులాబీవి నేయిస్తున్నాడు. నావి జత కుదరకపోతే పని ఆ పిల్లకే పోతుందిగా!”

“ఒకసారి అడిగి చూడరాదా?”

“అడిగితే నిజం చెప్తాడా?”

నాకూ ఏం తోచలేదు. మేము కొనే నూలుకు ఏ రంగు కనిపిస్తే అదే రంగు. నీలం నూలు పక్కన పడేసి, తలుపు గడియ పెట్టుకుని, పన్నెండు గుడ్డలకూ గులాబీ అంచు నేసింది.

సరుకు ఇచ్చే రోజు నేనూ పెద్దమ్మ వెంట వెళ్లాను. దుకాణంలో గిన్నెలాయన మూటలు విప్పాడు. అన్నీ చిక్కటి నీలం. పెద్దమ్మ ముఖం పాలిపోయింది.

“ఇవి కావు! నా కళ్లతో చూశాను, గులాబీవి!”

“అది పచ్చి పూత అక్కా. బట్టీలో కాలితేనే నీలం తేలుతుంది.” ఆయన చేతిలోని గిన్నె కింద పెట్టాడు. “నేను లేనప్పుడు వచ్చావా? ఒక్క మాట నన్నడగాల్సింది.”

దుకాణం ఆవిడకు చిరాకేసింది.

“రేపు పొద్దున్నే కొనేవాళ్లు వస్తున్నారు. నీలం అంచువి ఇంకెక్కడైనా ఉన్నాయా?”

గిన్నెలాయన తల గోక్కున్నాడు. “మా కోడలు చెయ్యి తిరగడానికని ఈ నీలంతోనే కొన్ని నేసింది. అంచులన్నీ వంకర. అక్క పని పక్కన అవి పెట్టాలంటే నాకే సిగ్గు.”

“పర్లేదు, తెండి.”

తెచ్చాడు. అంచులు నిజంగానే వంకర, రంగు మాత్రం అచ్చంగా కుదిరింది. వచ్చే విడత కూడా ఆ అమ్మాయినే నేయమంది ఆవిడ.

గులాబీ గుడ్డలు చంకన పెట్టుకుని పెద్దమ్మ ముందు నడుస్తోంది. నాకు ఆమె మీద కోపమూ జాలీ ఒకేసారి వచ్చాయి. వీధి మలుపులో ఆగింది.

“వాడేమీ చెయ్యలేదే,” అంది. “నా పని నా చేతులతో నేనే ఇచ్చేశాను.”