గెలిచిన గుడ్డముక్క

మా తెలుగు బడి మహారాష్ట్రలోని భివండీలో, కామత్‌ఘర్ సందుల్లో ఉంది. నేను చెప్పే మూడో తరగతి గోడకు ఆనుకునే మరమగ్గాల షెడ్డు. ఆ చప్పుడు మీద అరిచి అరిచి నా గొంతు ఇంట్లో కూడా తగ్గడం లేదని మా ఆయన విసుక్కుంటాడు.

ఆ ఏడు వానలు మొదలవగానే పరిసరాల పాఠం కోసం బడి వెనక గుంట తవ్వించాను. పిల్లలు ఇంట్లో పారేసేవి తెచ్చి పాతాలి, ఏది ఏమైందో దీపావళి సెలవుల తర్వాత తీసి చూడాలి. అరటి తొక్కలు, పేపరు, నూలు గుడ్డ వచ్చాయి. ముందు బెంచీ పిల్ల ఒకతె వాళ్ల నాన్న నేసిన నీలం పాలిస్టర్ ముక్క తెచ్చి అందరికంటే లోతుగా పాతింది.

సెలవుల తర్వాత తవ్వాం. తొక్కలు, పేపరు జాడ లేవు. నూలు గుడ్డ పట్టుకుంటే చేతిలోనే రాలిపోయింది. నీలం ముక్క మాత్రం నిక్షేపంగా ఉంది. ఆ పిల్ల దాన్ని బకెట్లో జాడించి పైకెత్తింది.

"టీచర్, మా బాపు బట్ట గెలిచింది! జర సుత చెడలే!"

అందరూ చప్పట్లు కొట్టారు. నాకు నోటి తొందర ఎక్కువ. "గెలుసుడేంది, ఓడిపోయింది! మట్టిల కలవనిది మట్టికి చేటు" అనేశాను.

ఆ పిల్ల ముక్కను నెమ్మదిగా మడిచింది. "అయితే మా బాపు ఖరాబ్ పని జేస్తుండా, టీచర్?"

అప్పుడే గంట కొట్టారు. అదే సాకుగా పుస్తకాలు తీసుకుని బయటపడ్డాను, సిగ్గు లేకుండా.

ఆ పిల్ల వెనక బెంచీకి మారిపోయింది. రెండు రోజులు చెయ్యెత్తలేదు. మూడో రోజు వాళ్ల నాన్న వచ్చాడు, డ్యూటీ దిగి నేరుగా, జుట్టు నిండా దారపు నూగుతో. గొడవకే వచ్చాడనుకుని కొంగు సర్దుకున్నాను. సర్దుకుంటుంటే గుర్తొచ్చింది, నేను కట్టుకున్నదీ పాలిస్టరే. ఇస్త్రీ బాధ ఉండదని ఏరికోరి కొన్న చీర.

"టీచరమ్మా, బిడ్డ నాతోని మాట్లాడుతలేదు. సేఠ్ ఏ దారమిస్తె గదే నేస్త. నేనేం జెయ్యాలె?" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే నాకు ఇంత బాధ కలిగేది కాదు.

చేతిలో మూట విప్పాడు. నేతలో తప్పు పడి పక్కన పడేసిన నీలం ముక్కలు. "గివి మట్టిల కలవయన్నరట గద. అయితె మొక్కలకు మట్టి నింపుకోనీకి పనికొస్తయి. నీళ్లు పోసినా చివకయి. మా ఇంటామె సంచులు కుడతది."

ఆయన్ని తరగతిలోకి తీసుకెళ్లి పిల్లలందరి ముందూ చెప్పాను: "తప్పు మాట నాది. మీ బాపులు బట్ట నేస్తరు, చెత్త చెయ్యరు. వాడి పారేసి చెత్త చేసేది మనం. నా చీర సుత మట్టిల కలవదు."

ఇప్పుడు కిటికీ ఊచలకు కట్టిన ఆ నీలం సంచుల్లో మెంతికూర పెరుగుతోంది. నీళ్లు పోసేది ఆ పిల్లే. ముందు బెంచీకి తనంతట తనే వచ్చేసింది.

మొన్న బోర్డు మీద 'పారేయకూడనివి' అని రాసి, కింద పిల్లల్నే పూర్తి చేయమన్నాను. అందరికంటే ముందు ఆ పిల్ల లేచి 'మా బాపు బట్ట' అని రాసింది. ఆగి, నన్ను ఎగాదిగా చూసి, దాని కింద 'టీచర్ చీర' అని చేర్చింది.

తరగతంతా పగలబడి నవ్వింది. సాయంత్రం దాకా ఆ బోర్డు ఎవరినీ తుడవనివ్వలేదు నేను.