నాలుగో దెబ్బ

ఎర్నెస్టీన్ టబ్స్ చేతిరాత ఇప్పుడు మూడు వేల గ్రామఫోన్ రికార్డుల మీద ఉంది. వాటిలో ఒక్కదాని మీదా ఆవిడ తన చేత్తో రాయలేదు. తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

డెట్రాయిట్ తూర్పు వైపు మా వీధి చివర ఆవిడ కొట్టు. చర్చి పాటలు, పాస్టర్ల ప్రసంగాలు, తర్వాత మా కుర్రాళ్ల టెక్నో డాన్సు పాటలు, ఏ టేపు తెచ్చినా లక్క పళ్లెం మీద గాడిగా కోసిచ్చేది. ఆ పళ్లెంతో ఫ్యాక్టరీవాళ్లు అచ్చు తీసి రికార్డులు ఒత్తేవాళ్లు. పళ్లేలు చేరవేసే పని నాది. మిగతా రోజుల్లో సిటీ బస్సు తోలేవాణ్ని. ఎవరైనా పొగిడితే ఆవిడకి చిరాకు. "బాగుంటే వెళ్లి డాన్సు చెయ్యి, నా బుర్ర తినకు" అనేది.

తొంభై రెండులో వెండెల్ క్రే అనే కుర్రాడు 'రెండో షిఫ్టు' ఆల్బమ్ టేపు పట్టుకొచ్చాడు. పగలంతా ఇరుసుల ఫ్యాక్టరీలో పని, వచ్చాక ఇంటి నేలమాళిగలో పాటలు.

"చివరి పాట ఆగకూడదు, మిస్ ఎర్నెస్టీన్. లైను మీద మేం ఆగుతామా? ఎవరో ఒకరు లేచి ముల్లు ఎత్తేదాకా తిరుగుతూనే ఉండాలి."

"అయితే ఆఖరి గాడిని గుండ్రంగా దానిలోకే కలిపెయ్యాలి. రికార్డు ఒక్క చుట్టు తిరిగేసరికి సరిగ్గా నాలుగు దెబ్బలు పడాలి. నీ పాట నెమ్మదిగా ఉంది నాయనా. పో, వేగం పెంచుకురా."

"ఎంత పెంచను?"

ఆవిడ బల్ల మీద వేళ్లతో కొట్టి చూపించింది.

పదకొండు పళ్లేలు పాడయ్యాయి. పన్నెండోదానిలో అతుకు ఎక్కడుందో దేవుడికి కూడా దొరకదు. అప్పుడు లేబులు చుట్టూ మిగిలిన ఖాళీలో సూదితో గీసింది: "ఎత్తాల్సింది నువ్వే." కోసినవాళ్లు అక్కడ ఒక మాట గీయడం మా దగ్గర ఆనవాయితీ. పని నచ్చకపోతే మాత్రం గీయరు.

పన్నెండేళ్లకి వెండెల్ ఊపిరితిత్తులు పాడై పోయాడు. అంత్యక్రియల తర్వాత చర్చి కింద గదిలో భోజనాల దగ్గర ఆ పాట పెట్టాం. చివరి గాడి తిరుగుతూనే ఉంది. ఎత్తడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. వేయించిన కోడి, మాకరోనీ చల్లారిపోయాయి. సుమారు గంట తర్వాత వాళ్లమ్మ మిస్ లవాడా లేచి తనే ముల్లు ఎత్తింది. ఆ తర్వాతే తిన్నాం.

నిరుడు లండన్ నుంచి జాస్పర్ అనేవాడు దిగాడు. ఆల్బమ్ మళ్లీ వేస్తాడట. ఎర్నెస్టీన్‌ని చూడగానే "లెజెండ్" అని కావలించుకున్నాడు. లేబులు చుట్టూ ఆవిడ గీసిన మాట అలాగే వాడుకోనివ్వమన్నాడు.

"ముందు నమూనా వినిపించు. సరిగ్గా ఉంటేనే నా మాట దాని మీద ఉండేది" అందావిడ.

నమూనా వచ్చింది. ధ్వని శుభ్రంగా ఉంటుందని రికార్డుని ఎక్కువ వేగంతో తిరిగేలా కోశారు. పాటలకి దానివల్ల నష్టం లేదు. ఆఖరి గాడి మాత్రం తొందరగా చుట్టు తిరిగేస్తోంది. మూడు దెబ్బలు పడుతున్నాయి, నాలుగోది పడేలోపే మళ్లీ మొదటిది. కాలు కింద పెట్టబోతే నేల జరిగినట్టుంది. ఆవిడ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పదకొండు పళ్లేల సంగతి, భోజనాల గదిలో గంట సంగతి, చుట్టుకి నాలుగు దెబ్బల లెక్క, అన్నీ చెప్పి, ఆ ఒక్క వైపైనా పాత వేగంతో కొయ్యమని అడిగింది.

"చదివి ఏడ్చేశాను!" అని జవాబిచ్చాడు జాస్పర్.

విడుదల ఆదివారం మధ్యాహ్నం, రికార్డుల షాపులో. రికార్డుతో పాటు ఒక పుస్తకం వేశారు. దళసరి కాగితం, బంగారు రంగు అక్షరాలు. తెరిస్తే ఎర్నెస్టీన్ ఉత్తరం, నాలుగు పేజీలూ పొల్లుపోకుండా! పక్కనే రికార్డు, వేగం మార్చకుండా. దాని మీద ఆవిడ చేతిరాతలో ఆ మాట, మెషీనుతో దించింది. చదవకుండా అచ్చువేసి ఉంటే మూర్ఖుడనుకుందును. వీడు చదివాడు!

జాస్పర్ మైకు పట్టుకుని, తొంభై ఒక్కేళ్ల మిస్ లవాడాని చక్రాల కుర్చీలో ముందుకి తెప్పించాడు. "ఆ రోజులాగే ఈ రోజూ ముల్లు ఈ అమ్మే ఎత్తుతుంది" అని ప్రకటించాడు. ఆఖరి గాడి మొదలైంది. కుర్రకారు కళ్లు మూసుకుని తలలాడించారు.

మిస్ లవాడా మూడు చుట్లు కూడా విని ఉండదు. చెయ్యి చాచి ముల్లు లాగేసింది.

"ఇది కుంటుతోందేమే, ఎర్నీ. మా వాడి నడక ఇలా ఉండేది కాదు."

"అవునమ్మా. ఇది నేను కోసింది కాదు."

ఎర్నెస్టీన్ చేతిసంచిలోంచి తన పాత సూది తీసింది. రికార్డుని ఒళ్లో పెట్టుకుని, తన మాటల మీద ఆ చివర నుంచి ఈ చివరకి గట్టిగా గీత కొట్టింది. షాపంతా చప్పట్లు.

జాస్పర్ కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఇంకో యాభై కాపీల మీద ఇలాగే గీత కొట్టి ఇస్తారా, మిస్ ఎర్నెస్టీన్?"