తమ్ముడి సమాధి మీద మూడు గుప్పిళ్ళ మట్టి

2002 నవంబరు ఒకటిన ఉదయం ఆరుంబావుకి విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సెక్కాను. మర్నాడు సమాధుల పండుగ. అమ్మ ఎప్పటిలాగే పండుగ రోజు పొద్దున వస్తుంది. నేను మాత్రం ఒకరోజు ముందే బయలుదేరింది దొంగను పట్టుకోవడానికి.

కార్గిల్లో పోయిన మా తమ్ముడు డేవిడ్ సమాధి చల్లపల్లి దగ్గర, అమ్మ పుట్టిన ఊళ్ళో ఉంది. రెండేళ్ళుగా పండుగ నాడు మేం సున్నం డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి పలక మీద మూడు గుప్పిళ్ళ మట్టి కనిపిస్తోంది. మొదటేడు పిల్లకాయల పని అనుకున్నాం. రెండో ఏడు అమ్మ మొహం పాలిపోయింది. "ఇది చేతబడే. చచ్చినవాణ్ణి కూడా వదలరా?" అంటూ మట్టిని చేటలోకెత్తి కాలవలో పారబోసింది. ఆ తర్వాత ఆమెకు కంటి మీద కునుకు లేదు. గట్టు తగాదా పడ్డ బాబాయి మీద కొన్నాళ్ళు, వాళ్ళ పిల్లని డేవిడ్ చేసుకోలేదని అలిగిన మేనమామ మీద కొన్నాళ్ళు అనుమానం. ఇద్దరితోనూ మాటలు మానేసింది. ఆమెతో ఉండి ఉండి నాకూ అదే జబ్బు పట్టుకుంది.

ముందు సీటాయన ఒళ్ళో సంచి నిండా నిమ్మకాయలు. "ఇన్నెందుకండీ?" అని అడిగేశాను.

"పచ్చడికండీ. మా చెల్లెలు నీళ్ళోసుకుంది," అన్నాడాయన. నమ్మితే ఒట్టు! పామర్రులో ఆయన దిగేదాకా కనిపెట్టుకునే ఉన్నాను.

నా పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో చిన్న గుడ్డమూట. కండక్టరు పైన పెట్టమంటే వినలేదు. ఉయ్యూరులో బస్సు ఆపితే ఇడ్లీ తెచ్చి ఇవ్వబోయాను.

"వద్దమ్మా," అంది, మూట మీంచి చేతులు తియ్యకుండా.

"ఎందాకా అండీ?"

"చల్లపల్లి దాటాలమ్మా."

"చుట్టాలా?"

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయింది. ఇంకేం, నా కళ్ళు ఆ మూట మీదనే.

చల్లపల్లిలో దిగి షేర్ ఆటో ఎక్కితే ఆవిడా అదే ఎక్కింది. మా ఊళ్ళో దిగితే ఆవిడా దిగింది. కాస్త వెనకగా నడిచాను. తిన్నగా సమాధుల దొడ్డిలోకి వెళ్ళి, డేవిడ్ పలక ముందు ఆగి మూట ముడి విప్పింది. లోపల మట్టి! ఒక్క ఉదుటున వెళ్ళి చెయ్యి పట్టేసుకున్నాను.

"మేం నీకేం అన్యాయం చేశామే?" అని అరిచాను.

ఆవిడ బెదరలేదు. నా మొహంలోకి చూసి, "డేవిడ్ అక్కవా? ముక్కు వాడిదే," అంది.

నా చెయ్యి దానంతటదే జారిపోయింది. ఆవిడ కొడుకు కరీం, మా వాడూ కలిసే మిలిటరీలో చేరారట. సెలవులకొస్తే మా వాడు విజయవాడ వన్ టౌన్‌లో వాళ్ళింట్లో అన్నం తిని గానీ మా ఇంటికొచ్చేవాడు కాదట. ఇద్దరూ ఒకే కొండ మీద పోయారు. డేవిడ్‌ని పెట్టెలో తెచ్చారు. కరీం మంచులో దొరకలేదు.

"మాలో పోయినోళ్ళకి మూడు గుప్పిళ్ళు మట్టి ఇవ్వాలమ్మా. మా వాడికి ఎక్కడని ఇచ్చేది? వాడి పక్కన ఉన్నవాడు ఇక్కడున్నాడని మా ఆయన వచ్చి ఇచ్చి పోయేవాడు. మామూలుగా ఆడోళ్ళం ఇట్టాంటి చోట్లకి రాం. ఈ ఏడు ఆయన కూడా లేడు. అందుకని నేనొచ్చా."

"మాతో ఒక్క మాట చెప్పొచ్చుగా అండీ?"

"మీ ఏడుపులో మా ఏడుపొకటా అనేవాడు," అంది. "పోయినేడు ఆయనిచ్చిన మట్టి ఉందా అమ్మా?" అనడిగింది.

"వానకి ఇంకిపోయిందండీ. లోపలే ఉంది," అన్నాను.

ఆవిడ మూడుసార్లు గుప్పిట విప్పింది. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. తర్వాత చల్లపల్లి తీసుకెళ్ళి, భోజనం పెట్టించి, ఇల్లెక్కడో అడిగి, ఒంటిగంట బస్సెక్కించాను. మళ్ళీ ఊరికొచ్చి, ఆ రాత్రికి పిన్ని ఇంట్లో ఉన్నాను.

మర్నాడు అమ్మ వస్తూనే మట్టి చూసి చేట అందుకుంది. జరిగింది చెప్పాను. చేట కింద పెట్టేసింది. సున్నం పక్కలకే వేసింది, పలక జోలికి పోలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడుతుంటే మధ్యలో ఆపి, "కరీం పేరు కూడా చెప్పండయ్యా," అంది.

సాయంత్రం నాలుగింటి బస్సుకి తిరుగు ప్రయాణమయ్యాం. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి చెబుతున్నాను, పొద్దున బస్సులో సీటు సులువుగా దొరుకుతుంది, కోతకొచ్చిన వరి చూసుకుంటూ పోవచ్చు. పక్క సీటువాళ్ళ సంగతి మాత్రం నన్నడక్కండి, నాకు మనుషుల్ని చూడటం రాదని తేలిపోయింది.

కంకిపాడు దాటాక అమ్మ అడిగింది, "ఇంకిపోయిందని చెప్పావా ఆవిడకి?"

"మరేం చెప్పనమ్మా? నిజం చెబితే తట్టుకోలేదు."

బస్టాండులో దిగి ఆటో పిలిచి, నేను మా పేట పేరు చెప్పబోయాను.

"వన్ టౌన్‌కి పోనీ బాబూ," అంది అమ్మ. ఎక్కి కూర్చుని కొంగు సర్దుకుంది. "కాలవలో పోసింది నేను. నేనే చెప్పాలి."