క్రిస్మస్ గొంతు

"గుడ్ ఫ్రైడేకి కొంచెం మెత్తటి గొంతు కావాలమ్మా. నీది క్రిస్మస్ గొంతు."

అమెరికాలో మేము అప్పుడున్న నోవై ఊళ్ళో, మా తెలుగు చర్చిలో పాటల బాధ్యత చూసే అక్క నాతో అన్న మాట ఇది. రెండువేల పన్నెండులో, ఆదివారం ఆరాధన అయ్యాక, చేతిలో సమోసా పట్టుకుని నలుగురిలో అంది. నలుగురూ నవ్వారు. ఎవరు ముందు నవ్వారో, ఎవరు ఆపకుండా నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

గుడ్ ఫ్రైడే నాడు ఏసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక్కోదాన్ని ఒక్కొక్కరు లేచి వివరిస్తారు, మాటకీ మాటకీ మధ్య ఒక పాట ఉంటుంది. నాలుగో మాట తర్వాతి పాట ఎప్పుడూ నాదే. అది మా అమ్మ ఉపవాసంతో, ఎండిన పెదాలతో పాడుతూ నాకు నేర్పిన పాట. ఆ ఏడు దాన్ని వేరే అమ్మాయికి ఇచ్చారు.

మరుసటి ఏడు ఆ అమ్మాయి వాళ్ళు వేరే రాష్ట్రంలో ఆష్‌బర్న్ వెళ్ళిపోయారు. అప్పుడు గుర్తొచ్చాను. "మళ్ళీ నువ్వే పాడాలమ్మా" అని అక్కే ఫోన్ చేసింది. ప్రాక్టీస్‌కి వెళ్ళి మైక్ ముందు నిలబడితే గొంతు పట్టేసింది. గాలి వస్తోంది, పాట రాదు. ఇంట్లో పాడగలను, కార్లో పాడగలను, మైక్ కనిపిస్తే చాలు తాళం పడిపోయేది. అమ్మ పాట నా దగ్గరే ఆగిపోతుందేమోనని భయం పట్టుకుంది. డాక్టర్ పరీక్ష చేసి గొంతు నిక్షేపంగా ఉందన్నాడు. ఆలోచనల తీరు సరిచేయడమూ హిప్నాటిజమూ కలిపి చేసే వైద్యం ఒకటుందని, కంప్యూటర్‌లో వీడియో కాల్ మీదే చేయించుకోవచ్చని చెప్పి ఒకావిడ నంబరిచ్చాడు.

చర్చిలో ఎవరికీ చెప్పలేదు. హిప్నాటిజం అంటే దయ్యాలకి తలుపు తీయడమేననే వాళ్ళు మాలో చాలామందే ఉన్నారు. మా ఆయనకి మాత్రం చెప్పక తప్పలేదు.

"హిప్నాటిజం చేస్తే అన్నీ మర్చిపోతారటగా? మన పెళ్ళిలో మా సొంతక్క నిన్ను అన్న మాట ఒక్కటి మర్చిపోయినా చాలు నాకు."

"దానికి ఈ దేశంలో డాక్టర్లు చాలరండీ" అన్నాను.

మొదటి రోజు అసలు హిప్నాటిజమే లేదు. ఇంటి కింద బేస్‌మెంట్‌లో కంప్యూటర్ ముందు కళ్ళు మూసుకోవడానికి సిద్ధంగా కూర్చుంటే, నిద్ర ఎలా పడుతుంది, భయమేస్తే ముందు ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది అంటూ ప్రశ్నలే. ఆవిడ నా పేరు తప్పు పలికింది. సరిచేశాను. మళ్ళీ తప్పే పలికింది. స్పృహ తప్పదని, అన్నీ వినపడతాయని, ఇష్టం లేనిది ఎవరూ చేయించలేరని వివరించింది. "మధ్యలో లైన్ తెగిపోతే కంగారు పడకండి, మీ అంతట మీరే కళ్ళు తెరుస్తారు" అని కూడా అంది. ఆ మాట నేను సరిగా పట్టించుకోలేదు.

రెండోసారి కళ్ళు మూసుకోమంది. నాకు తెలియకుండానే చున్నీ తల మీదికి లాక్కున్నాను. చలేస్తోందా అని అడిగింది. లేదు, ప్రార్థనలో అలవాటు అన్నాను. మెట్లు దిగుతున్నట్టు ఊహించుకోమంది. నేనేమో అప్పటికే బేస్‌మెంట్‌లో ఉన్నాను, ఇంకా ఎక్కడికి దిగను? అదే చెప్పాను. నవ్వి, మనసుకి హాయిగా ఉండే చోటు ఏదైనా తలుచుకోమంది.

నాకు తోచింది మా కారు. నోవైలో చలికాలం పొద్దున్నే ఇంటి ముందు డ్రైవ్‌వేలో ఇంజన్ ఆన్ చేసి, ముందు అద్దం మీద మంచు కరిగేదాకా లోపల కూర్చునేదాన్ని. హీటర్ హోరుమనేది. బయట ఏమీ కనపడదు, నేనూ ఎవరికీ కనపడను. ఆ కాసేపూ పాడుకునేదాన్ని. అద్దం అడుగున చిన్న అర్ధచంద్రంలా మంచు కరగడం మొదలయ్యేది, పాట అయ్యేసరికి వీధంతా కనపడేది. ఇప్పుడు మంచే పడని ఎండల ఊరు చాండ్లర్‌లో ఉంటున్నాం. ఇక్కడ కారు ఎక్కగానే బయలుదేరిపోవచ్చు. ఇంత వెలితిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆ కార్లో కూర్చున్నట్టే ఉండిపోయాను. ఆవిడ గొంతు ఆగిపోయింది. తర్వాత ఏం చేయాలో చెబుతుందని కళ్ళు మూసుకునే ఎదురుచూశాను. మెట్ల మీద మా ఆయన అడుగుల చప్పుడు.

"ఏమే, కంప్యూటర్‌కి ప్రార్థన చేస్తున్నావా?"

కళ్ళు తెరిచాను. తెరమీద ఆవిడ సగం నోరు తెరిచి బిగుసుకుపోయి ఉంది. పైన ఈయన ఇండియా మ్యాచ్ పెట్టుకుంటే మా ఇంటర్నెట్ నీరసపడిపోయింది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట "ఆమెన్". చర్చిలో కళ్ళు మూస్తే అదనేదాకా తెరవం మరి. ఆ "ఆమెన్"ని మా ఆయన ఈనాటికీ వదలడు.

పోగొట్టుకున్న పట్టు మాత్రం మరో రోజు దొరికింది, అదీ కళ్ళు తెరుచుకునే ఉండగా. అక్క అన్న మాటని ఇంగ్లీష్‌లో చెప్పమంది ఆవిడ. చెప్పాను.

"అది నిజమా, ఒకరి అభిప్రాయమా?"

"అభిప్రాయమే. కానీ నలుగురు నవ్వారు."

"మీరు పాడుతుంటే నవ్వారా?"

"లేదు. ఆవిడ మాటకి."

"అయితే మీ పాటకి ఎవరూ నవ్వలేదు."

వారం రోజులు కోపంగా తిరిగాను. నాకు తట్టాల్సిన మాట నా పేరు పలకడం రాని మనిషికి తట్టింది. ఆ తర్వాత ఆవిడ కళ్ళు మూయించి, ఊహలోని అదే కార్లో పక్కసీట్లోకి మైక్ తెచ్చి పెట్టింది. అక్కడ పాడటం కుదిరాక మైక్‌తోపాటు నన్నూ చర్చి హాల్లోకి నడిపించింది. బొటనవేలు చూపుడువేలికి ఆనిస్తే హీటర్ హోరు గుర్తొచ్చేలా అలవాటు చేయించింది. తన గొంతు రికార్డు చేసి పంపితే రోజూ విన్నాను, అందులోనూ నా పేరు తప్పే.

గుడ్ ఫ్రైడే వచ్చింది. నాలుగో మాట అయింది. లేచాను. చున్నీ అంచు కింద వేళ్ళు రెండూ కలిపాను. మొదటి చరణం సన్నగా వచ్చింది, అర్ధచంద్రమంత. రెండోదానికి వెనక వరసలదాకా వెళ్ళింది. అమ్మ ఎక్కడ ఊపిరి తీసుకునేదో అక్కడే తీసుకున్నాను.

అయ్యాక చెప్పుల దగ్గర అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఏం పాడావమ్మా! గుడ్ ఫ్రైడే దాటించి మమ్మల్ని తిన్నగా ఈస్టర్‌కి తీసుకెళ్ళిపోయావు."

ఇది మెచ్చుకోలా, ఈస్టర్ అంటే సంబరం కాబట్టి మళ్ళీ పెద్ద గొంతని దెప్పడమా? మా ఆయన మెచ్చుకోలే అంటాడు. నాకు ఇప్పటికీ నమ్మకం లేదు. అప్పుడూ లేదు, అందుకే అక్కడికక్కడే అన్నాను, "ఏ గొంతు ఏ పండక్కో మీరే ఒక పట్టీ రాసివ్వండక్కా."

నలుగురూ నవ్వారు. ఈసారి నా మాటకి. గొంతు ఎక్కడా పట్టలేదు.